'ట' పెట్టి చెప్పు

ముప్పై ఏళ్ళు పత్రికాఫీసులో వార్తలు దిద్దిన ఆమెకి అక్కడివాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు 'ట మేడం'. విలేకరి ఎవరైనా "వంతెన కూలింది" అని రాసుకొస్తే చాలు, కళ్ళద్దాల పైనుంచి చూసి, "కూలిందా, కూలిందటా? నువ్వు చూశావా?" అని నిలదీసేది. అతను నీళ్ళు నమిలితే ఎర్ర పెన్నుతో చివర ఒక 'ట' తగిలించి కాగితం చేతిలో పెట్టేది. ఆ ఒక్క అక్షరానికి ఆఫీసంతా హడలి చచ్చేది. ఆమె రిటైరైన రోజున అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆమెకే పాపం, ఆ 'ట' తగిలించడానికి మనిషి దొరక్క చెయ్యి దురద పెడుతూ ఉండేది.

చివరికి ఆ అవసరం ఇంట్లోనే వచ్చిపడింది. తమ్ముడి గుండెకి పేస్‌మేకర్ పెట్టారు. అతనిది గేట్లు, మెట్ల కమ్మీలు చేసే వెల్డింగ్ షెడ్డు. పదహారో ఏట చేతపట్టిన పని, ఇంకొకటి చేతకాదు. డాక్టరు "వెల్డింగ్ కరెంటు దాన్ని తికమక పెట్టొచ్చు, ప్రస్తుతానికి వద్దు, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ మాట చుట్టపక్కాల నోళ్ళు దాటి తిరిగొచ్చేసరికి "ఇక జన్మలో ముట్టుకోకూడదు" అయి కూర్చుంది. నెల్లాళ్ళుగా అతను షెడ్డు తెరవడం, ఆపేసి ఉన్న మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం, సాయంత్రానికి తాళం వేసి రావడం.

"కంప్యూటర్లో ఆ ఏఐని కూడా అడిగానక్కా," అన్నాడు ఒకరోజు. "చేయకపోవడమే మంచిది అంది."

"ఎవరు చెప్పగా అంది?"

"నెట్‌లో ఉందిగా."

"నెట్ అనేవాడు ఏ వీధిలో ఉంటాడో చెప్పు, వెళ్ళి అడిగొస్తాను. ఇలా తే ఆ ల్యాప్‌టాపు. ఆస్పత్రిలో ఇచ్చిన కార్డు కూడా తే."

కార్డు మీదున్న పేస్‌మేకర్ మోడల్ నంబరు ముందు టైపు చేసింది. తర్వాత ఒక్కో వేలితో పొడుస్తూ ఇలా రాసింది: "ఇది ఒంట్లో ఉన్న మనిషి వెల్డింగ్ చేయొచ్చా అని వెబ్‌లో వెతుకు. ప్రతి మాటా మొదట ఎవరన్నారో అక్కడిదాకా వెళ్ళు. అసలు కాగితం నువ్వే తెరిచి చదివితే మామూలుగా చెప్పు. ఒకరు అన్నారని ఇంకొకరు రాసింది చదివితే చివర 'ట' పెట్టు. దొరకకపోతే దొరకలేదని చెప్పు, సిగ్గుపడకు."

కాసేపటికి జవాబు వచ్చింది. పన్నెండు వెబ్ పేజీల ప్రకారం వెల్డింగ్ అసలు చేయకూడదట. ఆ పన్నెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే, మొదటి పేజీ దేన్ని చూసి రాసిందో ఎక్కడా లేదు. ఈ మోడల్ కంపెనీవాళ్ళ పుస్తకంలో మాత్రం వెల్డింగ్ గురించి విడిగా ఒక భాగం ఉందట.

ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఉందట ఏమిటి? చదవలేదా?" అని టైపు కొట్టింది.

"చదవలేదు. ఆ పుస్తకం నాకు తెరుచుకోలేదు. అందులో ఉందని ఒక ఆస్పత్రి పేజీ చెబుతోంది, అందుకే 'ట' పెట్టాను. ఇంకోచోట వెతకమంటారా?"

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. చదవనిది చదవలేదని అడగ్గానే ఒప్పుకున్న విలేకరి ఆమెకి ముప్పై ఏళ్ళలో ఒక్కడూ తగల్లేదు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావురా నాయనా!" అని పైకే అనేసింది. తమ్ముడు నవ్వాడు. నెల తర్వాత నవ్వాడు.

వెతకమని కొట్టింది. రెండోసారి వచ్చిన జవాబులో 'ట' లేదు. "పుస్తకం దొరికింది, ఆ భాగం చదివాను. కరెంటు ఒక పరిమితి దాటకుండా, తీగలు ఛాతీకి దూరంగా ఉంచుకుని, డాక్టరు ఒప్పుకుంటే చేయొచ్చు. మీ తమ్ముడి మిషను ఆ పరిమితిలో ఉందో లేదో నాకు తెలియదు. అది కొలిచి చూడాలి." కింద పేజీ నంబరు కూడా ఇచ్చింది.

ఆ పేజీ ఆమె తనే తెరిచి, పొల్లుపోకుండా చదివి, ప్రింటు తీసి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు రెండుసార్లు చదివాడు. "ఇది చేతిలో ఉంటే పని సులువు," అని పేస్‌మేకర్లు పరీక్షించే మనిషిని గురువారం పొద్దున షెడ్డుకే పంపే ఏర్పాటు చేశాడు.

గురువారం ఆమె షెడ్డుకి వెళ్ళలేదు. నలుగురినీ హడలెత్తించిన మనిషికి ఆ రోజు ధైర్యం చాలలేదు. వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉండిపోయింది. పదకొండింటికి ఫోన్ మోగింది.

"అక్కా, చేయొచ్చు."

"చేయొచ్చా, చేయొచ్చటా?" అని ఆమె అడగబోతుండగానే అతను అందుకున్నాడు.

"నువ్వు అడిగేది నాకు తెలుసులే. 'ట' లేదు. ఫోన్ ఈ పరీక్షించినాయన పట్టుకుంటాడు, విను."

చిటపటమని రవ్వలు రాలిన చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అంతలోనే అనుమానం వచ్చింది. తను విన్నదే గానీ చూడలేదు కదా. తన రూలు ప్రకారం ఎవరికి చెప్పినా "తమ్ముడు వెల్డింగ్ చేస్తున్నాడట" అనే చెప్పాలి.

కుళాయి కట్టేసి, చెప్పులేసుకుని షెడ్డుకి బయల్దేరింది.