ఓదిల్ ముక్కు

పెరీన్ పొద్దున్నుంచీ గుడ్డని నీళ్లలో ముంచి, పిండి, భర్త చూసి గీసుకునే మనిషంత చెక్కబొమ్మకి చుడుతోంది. తడిగుడ్డ అయితేనే రోమన్ల బట్టలకి ఉండాల్సిన మడతలు నిలుస్తాయి. వేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి. ఆ సంగతి ఆమెకి తెలియడం లేదు. ఈస్టర్ పండగ వారంలో కూతురు ఓదిల్ జ్వరంతో పోయినప్పటి నుంచీ ఆమెకి ఏదీ పెద్దగా తెలియడం లేదు.

భర్త ఆన్సెల్మ్ గీస్తున్నది పాత రోమ్ కథ. దుర్మార్గుడైన న్యాయాధికారి ఒక పిల్లని బానిసగా లాక్కుపోబోతే, ఆపే దారిలేక కన్నతండ్రే ఆమెని పొడిచి చంపేశాడు. బొమ్మలో నేలమీద పడివున్న ఆ పిల్లకి ఓదిల్ ముఖమే పెట్టాడు. చలికాలంలో, చచ్చిన దానిలా కదలకుండా పడుకోమంటే నవ్వాపుకోలేక నాన్న చేత తిట్లు తింది ఓదిల్. ఓదిల్‌ది ఇంకో బొమ్మ ఇంట్లో లేదు. పారిస్‌లో అడిగినవాళ్లందరి ముఖాలూ గీసిన మహానుభావుడికి సొంత కూతుర్ని విడిగా గీసే తీరిక చిక్కలేదు మరి!

మధ్యాహ్నం లోర్మాన్ దొర వచ్చాడు. సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శనకి ఏ బొమ్మలు వెళ్లాలో తేల్చే అకాడమీ పెద్దల్లో ఒకడు. ముక్కుపొడుం పీలుస్తూ బొమ్మంతా చూసి, ఓదిల్ ముఖం దగ్గర ఆగాడు.

"ఏవయ్యా ఆన్సెల్మ్, ఇది రోమ్ పిల్ల ముక్కా, చేపలమ్మే పిల్ల ముక్కా? ఆ బొడిపేంటి?"

"మా అమ్మాయిదండీ. నాలుగేళ్లప్పుడు ఈ మెట్లమీదే పడింది."

"పాపం, తెలుసులే. అయినా రోమ్‌లో బొడిపెలుంటే ఎట్లాగయ్యా? అదిగో, ఆ దేవత విగ్రహం తల చూసి దిద్దు. నుదుటి నుంచి గీత తిన్నగా దిగాలి. శుక్రవారానికి దిద్దావా, నా మాట నీకే."

ఆయన వెళ్లాక ఆన్సెల్మ్ భార్య వైపు తిరిగాడు.

"ఏమంటావ్ పెరీన్?"

వద్దంటే ఆగిపోతాడని ఆమెకి తెలుసు. ఆ ఒక్క మాట నోటిదాకా రాలేదు.

"గుడ్డ ఆరిపోతోందండీ. త్వరగా కానివ్వండి," అంది.

అతను చాకుతో రంగు గీకి, పాతగుడ్డకి తుడిచి, తిన్నని ముక్కు పెట్టాడు. పావుగంట పట్టింది. బొమ్మలో పిల్ల చాలా అందంగా ఉంది. ఎవరి పిల్లో మరి.

సాయంత్రం పెరీన్ ఎప్పటిలాగే రంగుగుడ్డలు సబ్బునీళ్లలో వేస్తూ పోయింది. చివరి గుడ్డమీద చర్మం రంగు మరక, వేలెడంత. ఆమె చెయ్యి ఆగిపోయింది. వద్దనలేదు, నా నోరు పడిపోయిందా అనుకుంది. ఏడుపు రాలేదు.

మర్నాడు ఆన్సెల్మ్ గుడ్డలు వెతుక్కున్నాడు.

"ఒకటి తక్కువుందేం పెరీన్?"

పెరీన్ కుంచెలు సర్దుతూనే ఉంది.

"అది ఉతకనండీ."