ఓటి సోల

ఫోన్ పెట్టేశాక కూడా ఆడబిడ్డ తిరుమల మాటే కోమల చెవిలో గింగురుమంటోంది. "వదినె, బస్సెక్కినం. సోలను జర చింతపండు పెట్టి తోమి ఉంచుమంటుంది అవ్వ. వచ్చుడుతోనే నాకు ఒడిబియ్యం పోస్తదట."

సోల! కోమల వంటింట్లోకి పరుగెత్తింది.

వంటింటి కిటికీలో ఆమె ముద్దుల మొక్కలు కొలువుదీరి ఉన్నాయి. పిడి ఊడిన టీ కప్పులో కలబంద పిల్ల, మూత పోయిన ఊరగాయ జాడీలో పుదీనా, సొట్టలు పడ్డ స్టీలు గిన్నెలో కొత్తిమీర. వాటి మధ్య ఇత్తడి సోలలో మనీప్లాంటు. అత్త బుచ్చవ్వ చెన్నూరులో కూతురి దగ్గర ఉన్న ఈ నెల రోజుల్లోనే కోమల సజ్జ మీది పాత సామానంతా దించింది. భర్త సదానందం దుబాయి నుంచి తెచ్చిన డ్రిల్లుతో, నీళ్లు కారిపోవడానికి ఒక్కోదానికి అడుగున ఒక బొక్క పెట్టింది. సోలకూ పెట్టింది.

అందులో ఆమె తప్పెంత? సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల. వాళ్లింట్లో ఆడబిడ్డ ఒడిలో పసుపు బియ్యం దోసిళ్లతోనే పోస్తారు. ఈ ఇంట్లో అత్తల నాటి ఆ సోలతోనే ఐదుసార్లు కొలిచి పోస్తారని నాలుగేళ్ల కాపురంలో ఎవరూ చెప్పలేదు. ఐదేళ్లకోసారి వచ్చే ముచ్చట, ఆమె ఇంకా చూడనే లేదు. దుమ్ముకొట్టుకుపోయిన గ్లాసు అనుకుంది, అంతే.

తిరుమలకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. ఈసారైనా నిలవాలని బుచ్చవ్వ మొక్కని దేవుడు లేడు. అలాంటి బిడ్డకు ఓటి సోలతో కొలిచారని తెలిస్తే? రేపు ఏం జరిగినా నింద కోమల నెత్తినే పడుతుంది. నింద సంగతి సరే, నిజంగానే తిరుమలకు ఏమన్నా అయితే?

మొక్కను పీకి నీళ్ల మగ్గులో పడేసింది. సోలను మెరిసేలా తోమింది. గోధుమపిండిలో పసుపు కలిపి, బొక్కలో కూరి, పొయ్యి సెగకు ఆరబెట్టింది. గుప్పెడు బియ్యం పోసి చూస్తే ముద్ద ఊడి కింద పడింది. మళ్లీ కూరింది. ఇంతలో గల్లీలో ఆటో ఆగింది.

బుచ్చవ్వ కాళ్లు కడుక్కుని నేరుగా వంటింట్లోకే వచ్చింది. సోల చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పసుపు ముద్ద ఆమె అరచేతిలో పడింది.

"అత్తమ్మా, నేనే బొక్క పెట్టిన." కోమలకు ఏడుపు ఆగలేదు. "మొక్క పెడుదామని పెట్టిన. ఒడిబియ్యం కొలిచేదని తెల్వలే. నన్ను ఎంతన్న తిట్టుండ్రి, గని తిరుమలకు చెప్పకుండ్రి."

బుచ్చవ్వ వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. ఇక అయిపోయిందనుకుంది కోమల. అత్త మాత్రం పీట వాల్చుకుని కూలబడింది.

"మా అత్త సోల గిది కానే కాదే."

కోమల కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.

"నా లగ్గమైన కొత్తల స్టీలు సామానోడు గల్లీలకచ్చిండు. పాత ఇత్తడి ఇస్తె స్టీలు డబ్బ ఇస్తనన్నడు. తళతళ మెరుస్తుంటె ఆగలేక సోల ఇచ్చేసిన. తెల్లారి మా అత్త సోలేదని అడిగింది. నా పాణం పోయినంత పనైంది. కొండగట్టుకు పోయి అసొంటిదే తెచ్చి పెట్టిన. ఆమె పొయ్యేదాక గుర్తువట్టలే." బుచ్చవ్వ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "గని తిరుమల కడుపు రెండుమాట్ల పోయిందా, నా దొంగ సోల వల్లనే అయిందని ఎన్ని దినాలు ఏడ్చిన్నో. ఎవ్వలకు చెప్పుకోను?"

అత్తకు భయపడడమే తెలుసు కోమలకు. అత్తకూ భయం ఉంటుందని ఒక్కనాడూ తోచలేదు. దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"మా ఇంట్ల సోలనే లేదు అత్తమ్మా. దోసిళ్లతోనే పోస్తరు. మా అక్కకు ముగ్గురు పిల్లలు."

"నిజంగనా?"

"అంజన్న మీద ఒట్టు."

బుచ్చవ్వ సోలను కిటికీలో పెట్టేసి, బియ్యంలో పసుపు కలపడానికి లేచింది.

హాల్లో కొత్త చీర కట్టుకుని తిరుమల కొంగు పట్టి కూర్చుంది. "అవ్వా, సోలేది?"

"ఈసారి మీ వదినె ఇంటి తరీక, దోసిళ్లతోనే," అంటూ బుచ్చవ్వ పసుపు బియ్యంలో రెండు చేతులూ ముంచింది. నాలుగు దోసిళ్లు పోసింది. ఐదో దోసిలికి వేళ్ల సందుల్లోంచి బియ్యం జారబోయింది. కోమల తన దోసిలి అడుగున పట్టింది. ఇద్దరూ కలిసి తిరుమల ఒడిలో పోశారు. ఒక్క గింజ కింద పడలేదు.

"కోమలా," అంది బుచ్చవ్వ చేతులు దులుపుకుంటూ, "గా మొక్కను మల్ల సోలల పెట్టు పో, వాడిపోతది."

"ఏం మొక్కనే అవ్వా?" అంది తిరుమల.

అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.