రంగు చెప్పే మనిషి

దర్జీకి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కటే. పుట్టుకతోనే అంతే. అయినా ఆయన కొట్లో ఒక్క చొక్కాకీ దారం తేడా వచ్చేది కాదు. భార్య రీళ్లు పేర్చి ఇచ్చేది, ఆయన కుట్టేవాడు. ఆదివారం పొద్దున్నే చెరువు దగ్గరికి పిట్టల్ని చూడటానికి వెళ్లినా అదే పద్ధతి. పిట్ట కూర్చున్న తీరు, తోక పొడవు, నీళ్లని నమ్ముకున్నదా చెట్లనా అన్నది ఆయన చూసేవాడు. రంగు ఆవిడ చెప్పేది. పేరు మాత్రం ఆయన నోటి నుంచే రావాలి, అయ్యగారి దర్జా అలాంటిది మరి!

ఇద్దరూ కలిసి చూసిన ఆఖరి పిట్ట కరెంటు తీగ మీద కూర్చుంది. తోకలో ఒక ఈక ఊడిపోయి సందు కనిపిస్తోంది. "పచ్చ పావురమేమోనే!" అన్నాడాయన సంబరంగా. పండ్ల చెట్లు వదలని పిట్ట ఈ బోడి గట్టుకి రావడం వింతే. "అవునండీ, పచ్చగానే ఉంది" అందావిడ.

ఊళ్లో పిట్టల్ని చూసేవాళ్ల సంఘంలో ఆ మాట చెబితే సెక్రటరీ నవ్వేశాడు. "పచ్చ పావురానికి అక్కడేం పనండీ? మీ ఆవిడ కళ్లు ఓసారి డాక్టరుకి చూపించండి." అందరూ నవ్వారు. దర్జీకి ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ తర్వాత ఎంతో కాలం కాకుండానే ఆవిడ పోయింది. తలలో గడ్డ. దర్జీకి ఒకటే పంతం మిగిలింది: ఆ పిట్టని ఫోటో తీసి సెక్రటరీ ముఖాన కొట్టాలి, నవ్విన నోళ్లు మూయించాలి. అందుకే కూతుర్ని వెంటేసుకుని ప్రతి ఆదివారం గట్టెక్కుతున్నాడు.

ఇవాళ దొరికింది. అదే తీగ, తోకలో అదే సందు.

"తియ్యమ్మా, తొందరగా! పచ్చదనం బాగా పడాలి."

కూతురు ఫోన్ దించేసింది. "పచ్చగా లేదు నాన్నా. ఇటుక రంగు. మామూలు ఎర్ర గువ్వ."

"కళ్లు నెత్తికెక్కాయా? మీ అమ్మ చూసి చెప్పింది!"

"అమ్మకి అప్పటికే చూపు ఆనట్లేదు నాన్నా. ఇక చేసేదేం లేదని డాక్టరు చెప్పాక, నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. నాన్న ఆదివారాలు పాడైపోతాయే అంది."

దర్జీకి, ఆవిడ పోయే ముందు ఓసారి ఆకుపచ్చ చొక్కాకి ఎర్ర దారం పడిందని గిరాకీ గొడవ చేసిన రోజు గుర్తొచ్చింది. "ధ్యాస ఎక్కడ పెట్టావ్?" అని ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. చివరి రోజుల్లో రంగు అడిగితే "మీరేం అనుకుంటున్నారు?" అని ముందు తననే అడిగేది. తను ఏ పిట్ట కావాలనుకుంటే ఆ రంగే చెప్పేది. గట్టు దిగేటప్పుడు తన చెయ్యి పట్టుకుంటే, ఈ వయసులో గారాలు పోతోందని మురిసిపోయాడు కూడా. గట్టు మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పిట్ట ఎగిరిపోయింది.

చాలాసేపటికి కళ్లు తుడుచుకుని సెక్రటరీకి ఫోన్ చేయించాడు.

"అది ఎర్ర గువ్వేనండీ" అన్నాడు. "మా ఆవిడ తప్పేం లేదు. పక్కనున్న మనిషిని నేనే చూడలేదు."