మెత్తటి వెనక సీటు

డ్వేన్ తోలుకోటు మీద ఈ ఏటి మోటారు సైకిళ్ల మేళా గుడ్డబిళ్ల కుట్టడం పూర్తయ్యేసరికి మార్లిస్ వేలికి సూది రెండుసార్లు గుచ్చుకుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇద్దరి కోట్లకీ బిళ్లలు కుట్టేది ఆమే. అతని కోటు మీద గుండె దగ్గర ‘డ్వేన్’ అని ఉంటుంది. ఆమె కోటు మీద ‘డ్వేన్ వెనక సీటు’ అని ఉంటుంది. ఒక క్రిస్మస్ విందులో మోటారు సైకిళ్ల క్లబ్బువాళ్లు ఆమెకిచ్చిన బహుమతి అది. అందరూ పగలబడి నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి తన చేత్తోనే దాన్ని కుట్టుకుంది కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

“అయిందా?” అన్నాడు డ్వేన్ వంటగది గుమ్మంలోంచి. “ఆర్డిత్ పదింటికి రమ్మంది. అట్నుంచి అటే షోరూంకి వెళ్లి ఆ కొత్త బండి కూడా చూసేద్దాం. నువ్వు కూర్చుని చూడాలిగా.”

నువ్వు కూర్చుని చూడాలి. వారం నుంచీ ఇదే పాట. పోయిన అక్టోబరులో పెట్రోలు బంకు దగ్గర మోటారు సైకిలు ఒక పక్కకి ఒరిగితే, డ్వేన్ కొత్తగా వేయించుకున్న తుంటి కీలు దాని బరువు ఆపలేకపోయింది. ఇద్దరూ కాంక్రీటు మీద పడ్డారు. ఇక మూడు చక్రాల బండే దిక్కని అప్పుడే తేలిపోయింది. వెతగ్గా రెండు దొరికాయి. ఒకటి క్లబ్బు స్నేహితురాలు ఆర్డిత్ భర్త, పోయిన కెర్మిట్, వాడినది, పదిహేనేళ్లనాటిది. చేత్తో క్లచ్చు నొక్కాలి, కాలితో గేరు మార్చాలి, వెనక సీటు మాత్రం సోఫాలా ఉంటుంది. రెండోది కొత్త మోడలు. గేర్లు అదే మార్చుకుంటుంది, కానీ వెనక సీటు చిన్నది. డ్వేన్ మనసు పాతదాని మీదే ఉంది. “నాదేముందే, అంతా నీ నడుం కోసమే,” అంటాడు.

ఆ నడుంతోనే మార్లిస్ ఇరవై నాలుగేళ్లుగా స్కూలు బస్సు నడుపుతోంది. జనవరి మంచులో, అద్దంలా గడ్డకట్టిన కంకర దారుల మీద, యాభై మంది పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతుంది. బస్సు ఒక్కనాడూ దారి పక్క గుంటలో దిగలేదు. శనివారం వచ్చేసరికి అదే మనిషి సామాను అయిపోతుంది. వెనక కూర్చుని దగ్గుబిళ్ల కాగితం విప్పి అందించాలి, దారి చెప్పాలి, లారీ వస్తోందేమో వెనక్కి తిరిగి చూడాలి. పెళ్లైన మూడో ఏట ఒకసారి “నేనూ నేర్చుకుంటా” అంది. “పడిపోతే లేపగలవా?” అన్నాడు డ్వేన్. అత్తగారు పక్కనుంచి “హాయిగా కూర్చోబెట్టి తిప్పుతుంటే నీకేం రోగం?” అంది. నాలుగు వందల కిలోల బండి, లేపలేదు, నిజమే. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె నోరు మూతపడింది. కానీ ఇప్పుడు కొనబోయేది పడే బండి కాదు. మూడు చక్రాలదాన్ని ఎవరూ పట్టుకుని నిలబెట్టక్కర్లేదు, ఎవరూ లేపక్కర్లేదు. ఈ మాట ఎన్నాళ్లుగానో లోపల ఉన్నదే, ఈ వారం మాత్రం ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది. బయటికి అంటే డ్వేన్ నవ్వుతాడు. నవ్వితే తను ఏం చేస్తుందో ఆమెకే తెలీదు.

ఆర్డిత్ గ్యారేజీలో బండి మీది దుప్పటి తీసింది. డ్వేన్ టార్చి పట్టుకుని కిందికి దూరాడు. “ఎక్కి కూర్చో మార్లీ, కూర్చుని చూడు!” అని అక్కణ్ణుంచే కేకేశాడు. మార్లిస్ వెనక కూర్చుంది. నిజంగానే మెత్తగా ఉంది. చేతుల కింద దిళ్లు, కాఫీ కప్పుకి చోటు, అన్నీ ఉన్నాయి.

ఆర్డిత్ కాఫీ అందిస్తూ గొంతు తగ్గించింది. “కెర్మిట్ పోయాక రోజూ మధ్యాహ్నం వచ్చి ఇందులో కూర్చునేదాన్ని.”

“నడిపేదానివా?”

“నేనా? లేదమ్మా. నువ్వు కూర్చున్నావే, అక్కడే కూర్చునేదాన్ని. ముందు సీటు రెండేళ్ల నుంచీ ఖాళీయే. ఒక్కసారైనా అక్కడ కూర్చుందామని తోచలేదు చూడు నాకు.” ఆర్డిత్ నవ్వేసింది. “ఇవాళ అమ్మేస్తుంటే తోచింది.”

మార్లిస్‌కి నవ్వు రాలేదు. భయమేసింది. గబుక్కున దిగిపోయింది.

“ఏం, బాలేదా?” అన్నాడు డ్వేన్ తల బయటికి పెట్టి.

“చాలా బావుంది.”

“నే చెప్పలా!”

అయినా మాట ప్రకారం షోరూంకి వెళ్లారు. అమ్మేవాడు రోలండ్, యాభై ఏళ్ల మనిషి, హెల్మెట్లు తెచ్చి ఇచ్చాడు. “మేడం వెనక కూర్చోండి. సారు ఇక్కడే ఆవరణలో ఓ చుట్టు తిప్పుతారు.” డ్వేన్ నలభై ఏళ్ల అలవాటు కొద్దీ మొదటి మలుపులో ఒంటిని పక్కకి వాల్చాడు. బండి వాలలేదు, తిన్నగా పోయి వెనక చక్రం ఆవరణ అంచు గట్టు మీదికెక్కింది. ఆపబోతూ కాలు కింద పెట్టాడు. అదే చక్రం బూటు అంచు తొక్కింది.

“కాలు పైకి సార్, కాలు పైకి!” రోలండ్ పరిగెత్తుకొచ్చాడు. “దెబ్బేం తగల్లేదుగా? రెండు చక్రాలవి తొక్కినోళ్లందరికీ ఇదే తంటా. కాలు దానంతట అదే కిందికి పోద్ది. అసలెప్పుడూ తొక్కనోళ్లే దీన్ని తొందరగా పట్టేస్తారు.”

డ్వేన్ మొహం ఎర్రబడింది. “నాకొద్దీ దిక్కుమాలింది. ఆర్డిత్ వాళ్ల పాత మూడు చక్రాలదే నయం.”

“అదీ మూడు చక్రాలదేగా సార్,” అన్నాడు రోలండ్ నెమ్మదిగా.

మార్లిస్ ఆ గట్టు వైపే చూస్తోంది. ముందు చక్రం దూరినచోట వెనకవి దూరవు. మలుపులో ఎప్పుడూ వెనక చక్రాలనే లెక్కలో పెట్టుకోవాలి. ఇది మోటారు సైకిలు కాదు, బుల్లి బస్సు. డ్వేన్ కొత్తగా నేర్చుకోవాల్సింది తనకి పాతికేళ్లుగా వచ్చు.

“నేను తిప్పుతా,” అంది. బస్సులో పిల్లలు గోల చేస్తే వాడే గొంతు అది.

“లైసెన్సు ఉండాలి మేడం...”

సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది. మార్చిలో బస్సు లైసెన్సు పొడిగించుకోడానికి వెళ్లినప్పుడు, మూడు చక్రాల బండి పరీక్ష కూడా రాసి, ఆ పర్మిట్టూ తెచ్చుకుంది.

“ఇదెప్పుడు?” అన్నాడు డ్వేన్. “నాతో ఒక్క ముక్క అన్లేదే?”

“అంటే నవ్వుతావని.”

డ్వేన్ నవ్వలేదు. దిగి పక్కన నిలబడ్డాడు. మార్లిస్ ముందు సీటుకి జరిగింది.

మొదటి చుట్టు కుదుపులతో గడిచింది. రెండోది కాస్త నయం. మూడో చుట్టులో మలుపు గట్టుకి జానెడు దూరంలో శుభ్రంగా తిరిగింది. మార్లిస్‌కి ఆపుకోలేనంత సంతోషం పొంగింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అరవై మూడేళ్లకా, అనుకుంది. ఇన్నేళ్లూ ఒక ప్రశ్నకి భయపడ్డానా? డ్వేన్ నిలబడ్డ చోటుకి తెచ్చి బండి ఆపింది. ఇంజను మాత్రం ఆపలేదు.

“సరే, దిగు మరి.”

“దిగను. ఇదే కొందాం. నేను నడుపుతా.”

“నడుపు నడుపు! మరి నేనో?”

మార్లిస్ తలతో వెనక సీటు చూపించింది. రోలండ్ చేతిలోని కాగితాల్లో తల దూర్చేశాడు. డ్వేన్ హెల్మెట్ పట్టీ విప్పి, మళ్లీ బిగించుకున్నాడు. చివరికి ఆమె భుజం పట్టుకుని, నొప్పి తుంటిని మెల్లగా ఎత్తి ఎక్కాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు వెతుక్కున్నాడు. బండి కదిలింది. సగం చుట్టు తిరిగాక ఆమె చెవిలో, హెల్మెట్లోని స్పీకర్లోంచి, అతని గొంతు చిరాగ్గా వినపడింది.

“మార్లీ, నీ తల తప్ప ఇక్కణ్ణుంచి నాకేం కనబడట్లేదే!”

“అవును,” అంది మార్లిస్. “కనబడదు.”