తేరుకోని జాడీ

రోజూ పొద్దున్న ఎనిమిదికి పది నిమిషాల ముందే ఐలా వచ్చి దుకాణం మెట్ల మీద నిలబడేది. తాళం చెవి ఒక్కటే ఉంది, అది ముసలాయన ఫియొరెంజో కోటు జేబులో ఉంటుంది. మంచు కురిసినా, సరస్సు మీంచి గాలి మొహం కోసేస్తున్నా ఆమె అక్కడే నిలబడి ఆయన కోసం చూసేది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. ఇంకో తాళం చెవి చేయించండి అని ఆమె అడగలేదు, ఆయనకి తోచనూ లేదు.

తలుపు తీయగానే పులిసిన ద్రాక్ష వాసన గుప్పుమనేది. గోడ పొడుగునా బల్లల మీద నూరుకి పైగా పెద్ద పెద్ద గాజు జాడీలు, వాటిలో వైను. ఒక్కో జాడీ మూతికీ నీళ్ళు పోసిన చిన్న గొట్టం, అందులోంచి బుళుక్కు బుళుక్కుమని బుడగలు. వీధి వైపు కిటికీలో రాగి బట్టీలు అమ్మకానికి పెట్టేవారు. ఇంట్లో సారా కాయడం ఆ దేశంలో నేరం, బట్టీ కొనుక్కోవడం నేరం కాదు. "ఇదెందుకండీ?" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "కారు బ్యాటరీలో పోసే నీళ్ళు కాచుకోడానికి" అని ఫియొరెంజో మొహంలో నవ్వన్నది లేకుండా చెప్పేవాడు. ఆ థండర్ బే పట్నంలో కార్ల కంటే వాటికి నీళ్ళు కాచే బట్టీలే ఎక్కువని ఊళ్ళో అనుకునేవారు.

వైను సంగతి మాత్రం అంతా చట్టప్రకారమే. పెట్టెలో వచ్చే ద్రాక్షరసం కొనుక్కుంటే దుకాణంలోనే కలిపి పులియబెట్టి, ఆరు వారాలకి ముప్పై సీసాలు నింపుకుని పోవచ్చు. ఒక్కటే షరతు. రసాన్ని పులియబెట్టే ఈస్టు పొడిని, రసం కొన్నవాళ్ళే తమ చేత్తో చల్లాలి. దుకాణం వాళ్ళు చల్లారని తెలిస్తే లైసెన్సు పోతుంది.

చల్లినవాళ్ళ గొంతులో ఏదైనా మాట అడ్డం పడి ఉంటే ఆ జాడీ తేరుకోదు. మడ్డి కిందికి దిగదు. మాట బయటికి వచ్చేస్తే గంటలో తేటపడుతుంది. ఇది చట్టంలో రాసి లేదు గానీ అక్కడికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. సీసాలు ఎలా కడగాలో చెప్పినట్టే ఐలా ఇదీ చెప్పేది. "ఆరు వారాలండీ. చెప్పాల్సిందేమైనా ఉంటే ఇంకొంచెం పడుతుంది."

పళ్ళ డాక్టరు భార్య జాడీ మూడు నెలలు మజ్జిగలా ఉండిపోయింది. ఆవిడ వాళ్ళ అత్తగారికి ఫోను చేసి ఐదు నిమిషాలు మాట్లాడాక తేటపడింది. మొగుడూ పెళ్ళాం కలిసి చల్లిన ఒక జాడీ పై సగం తేటగా, కింది సగం బురదగా నిలబడిపోయింది. "ఏ సగం ఎవరిదో ఇంటికెళ్ళి తేల్చుకు రండి" అని ఫియొరెంజో ఇద్దర్నీ బయటికి పంపించాడు.

పంతొమ్మిదేళ్ళలో ఐలా తన పేరున ఒక్క జాడీ వేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నాకు వైను పడదు" అనేది.

మార్చి మొదట్లో ఓరెస్ట్ వచ్చాడు. రేవులో ధాన్యం గోదాముల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయింది, ఉన్నది ఒక్కతే కూతురు లరీసా. దాని పెళ్ళికి వైను తన చేత్తో చేయాలని ముచ్చట పడ్డాడు. కాగితం మీద సంతకం పెట్టాడు, రసం కలిపాడు. ఈస్టు పొట్లం చేతిలోకి తీసుకోబోతుంటే ఫోను మోగింది. పెళ్ళి గౌను భుజాల దగ్గర పట్టడం లేదని కూతురు ఏడుస్తోంది.

"రేపు పొద్దున్నే వచ్చి చల్లేస్తా ఐలా, కాస్త చూస్తూ ఉండు" అంటూ పరిగెత్తాడు.

ఆ సాయంత్రమే మంచు తుపాను పట్టుకుంది. రోడ్లు మూసేశారు. రెండు వీధుల అవతల ఉండే ఐలా మాత్రం నడిచి వచ్చేది, పక్క వీధిలోనే ఉండే ఫియొరెంజో తలుపు తీసి నడుం నొప్పని వెళ్ళిపోయేవాడు. మూడో రోజుకి రసం వాసన మారడం మొదలైంది. ఇంకొక రాత్రి ఆగితే పారబోయాల్సిందే. ఐలా చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పొట్లం మూల కత్తిరించి చల్లేసింది. ఓరెస్ట్ వచ్చేసరికి జాడీ బుడగలు వేస్తోంది.

"చల్లి పోయానా నేను?" అన్నాడు బుర్ర గోక్కుంటూ. "ఆ గౌను గొడవలో మతి పోయింది సుమా."

ఐలా పక్క జాడీ గొట్టంలో నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ రెండో వారానికి పక్క జాడీలన్నీ తేరుకున్నాయి. ఓరెస్ట్‌ది పప్పు కడిగిన నీళ్ళలా ఉంది.

"ఏమోయ్, ఏం దాచావు?" అన్నాడు ఫియొరెంజో.

"నేనా? నా దగ్గర దాచేదేముంది?" అన్నాడు ఓరెస్ట్. కానీ ఆ రాత్రి నిద్రపోయినట్టు లేడు. మర్నాడు వెళ్ళి, పక్కింటాయన ఉత్తరాల డబ్బాని మొన్న చలికాలం మంచు తోసే బండితో గుద్దింది తనేనని ఒప్పుకుని వచ్చాడు. జాడీ కదలలేదు. తర్వాత వాళ్ళ అక్కకి ఫోను చేసి, ఆవిడ ఏటా క్రిస్మస్‌కి వండి పంపే, అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు కుక్కకి పెడుతున్నానని చెప్పాడు.

"ఏమంది?" అని అడిగాడు ఫియొరెంజో.

"ముందు కుక్క ఎలా ఉందని అడిగింది. తర్వాత ఫోను పెట్టేసింది."

జాడీ అలాగే ఉంది. పెళ్ళికి మూడు రోజులుందనగా ఓరెస్ట్ వచ్చి బల్ల ముందు కూలబడ్డాడు. ఈసారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "లరీసాతో చెప్పేశాను. కుర్రాడు నచ్చలేదని రెండేళ్ళ నుంచీ గొణుగుతున్నాను కదా, అదంతా అబద్ధం. వాడు మంచివాడే. అది వెళ్ళిపోతే ఇంట్లో రేడియో పెట్టడానికి కూడా బుద్ధి పుట్టదని నా భయం. అదే చెప్పాను."

"ఏమందండీ?" అంది ఐలా మెల్లగా.

"ఏడ్చింది, నవ్వింది. ఆదివారాలు మొగుణ్ణి తీసుకుని భోజనానికి వస్తానంది." జాడీ వైపు చూసి నిట్టూర్చాడు. "ఇంకేముంది నా దగ్గర? జేబులన్నీ దులిపేశాను."

నిజం చెబుదామా అంటే లైసెన్సు పోతుందని ఐలా భయం. పైగా ఆ వారమే ఫియొరెంజో దుకాణం అమ్మేస్తున్నాడు. కొనేవాడు వ్యాయామశాల పెడతాడట. టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలిచి వెళ్ళాడు. టేపు రెండో కొస ఐలాయే పట్టుకుంది. వాడు వెళ్ళాక, వాడు జరిపిన జాడీలన్నీ ఒక్కొక్కటీ మళ్ళీ వాటి చోట పెట్టింది.

శుక్రవారం వచ్చింది. తెల్లారితే పెళ్ళి. ఓరెస్ట్ కడిగిన ముప్పై సీసాలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. ఫియొరెంజో మధ్యాహ్నం సంతకం పెట్టాల్సిన అమ్మకం కాగితం చేత్తో పట్టుకుని, వైను తేటదనం చూసే పద్ధతిలో దాన్నే జాడీ వెనక పెట్టాడు. అక్షరాలు కనిపిస్తే వైను తయారైనట్టు. ఒక్క అక్షరం కనిపించలేదు.

"పోనీలే, కొట్లో కొంటాను" అని ఓరెస్ట్ లేచాడు. "నాలో ఏదో చెడ్డది ఉండి ఉంటుంది, నాకే తెలియనిది."

"మీది కాదండీ" అంది ఐలా.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తన చేతుల్ని చూసుకుంటూ అంది, "ఈస్టు మీరు చల్లలేదు. తుపాను రోజున నేను చల్లాను."

జాడీలన్నీ ఒక్కసారి బుళుక్కుమన్నట్టు వినిపించింది. ఓరెస్ట్ ఒక్క అడుగు ముందుకి వేశాడు. "అయితే కుక్క సంగతి ఊరికే చెప్పానా? మా అక్క ఇంకా మాట్లాడట్లేదు!"

"క్షమించండి."

ఫియొరెంజో కోప్పడతాడని ఆమె తల వంచుకుంది. ఆయన జాడీనే చూస్తున్నాడు. మెడ దగ్గర వేలెడు మేర తేటపడి ఆగిపోయింది.

"ఇంకా ఉంది" అన్నాడు.

"లేదండీ."

"అమ్మాయ్, జాడీ అబద్ధం చెప్పదు."

ఐలా పక్క జాడీని అంగుళం ఇటు జరిపి, మళ్ళీ అటు జరిపింది. ఓరెస్ట్ మళ్ళీ కూర్చున్నాడు. చెప్పలేక తనెంత నలిగాడో గుర్తొచ్చి కాబోలు, ఆమె వైపు చూడకుండా ఖాళీ సీసా ఒకటి తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉన్నాడు.

"దుకాణం నాకు కావాలి" అంది చివరికి. "అమ్మొద్దు. నేను నడుపుతాను. ఏ జాడీ ఎప్పుడు చూడాలో నాకు తెలుసు. మీకంటే ఎక్కువే తెలుసు. పొద్దున్నే మెట్ల మీద నిలబడటం నాకు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

ఫియొరెంజో తెల్లబోయాడు. "పంతొమ్మిదేళ్ళు! ఒక్కసారైనా అడగొచ్చుగా!"

"మీరూ అడగలేదు."

మడ్డి దిగడం మొదలైంది. మొదట పొగలా, తర్వాత మంచులా, ఏ తొందరా లేకుండా అడుక్కి చేరింది. వైను ఎండుగడ్డి రంగులో నిగనిగలాడింది. జాడీ వెనక కాగితం మీద అక్షరాలు తిరగబడి, లావుగా, ఒక్కటొక్కటే పైకి వచ్చాయి. ఫియొరెంజో వంగి తన పేరూ, కొనేవాడి పేరూ చదివాడు. కాగితం బయటికి తీసి నాలుగు మడతలు పెట్టాడు. కుంటుతున్న బల్ల కాలి కిందికి దాన్ని తోసి, బల్లని ఊపి చూశాడు. కదలలేదు.

"మరి నా వైను?" అన్నాడు ఓరెస్ట్.

"నీదెక్కడిది? చల్లినవాళ్ళదే జాడీ. చట్టం" అన్నాడు ఫియొరెంజో.

ఐలా జాడీ మెడకి కట్టిన చీటీ మీద ఓరెస్ట్ పేరు కొట్టేసి, కింద తన పేరు రాసింది. ఒక్క క్షణం దాన్ని చూసుకుంది. తర్వాత సీసాలు అటువైపు జరిపింది. "లరీసాకి నా కానుక. పట్టుకెళ్ళండి."

"రేపు నువ్వూ వస్తున్నావు. మా అక్క పక్కన కూర్చోబెడతాను" అన్నాడు ఓరెస్ట్. "కుక్క తప్పు నీదేనని చెబుతాను."

సోమవారం ఎనిమిదికి ఫియొరెంజో ఎప్పట్లాగే వచ్చాడు. సన్నగా వాన. మెట్ల మీద ఎవరూ లేకపోతే ఏమైందోనని కంగారుపడుతూ కోటు జేబులో తాళం చెవి కోసం వెతుక్కున్నాడు. రెండు జేబులూ చూశాక, శుక్రవారం సాయంత్రం తనే దాన్ని ఐలా చేతిలో పెట్టిన సంగతి గుర్తొచ్చింది. లోపల దీపం వెలుగుతోంది. కిటికీలో రాగి బట్టీలు తుడిచి పెట్టి ఉన్నాయి. ఆయన కాసేపు అలాగే నిలబడి, టోపీ మీది నీళ్ళు దులుపుకుని, తలుపు తట్టాడు.