ఐదో కార్డు

ప్రతి గురువారం సాయంత్రం నాలుగయ్యేసరికి ఫ్రిజ్ మెకానిక్ అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటుంటే అతని భార్యకి ఒళ్ళు మండిపోయేది. పెళ్ళయిన పదకొండేళ్ళలో తనతో బయటికి వచ్చేటప్పుడు ఏనాడైనా అంత శ్రద్ధగా పాపిడి తీసుకున్నాడా ఈ మనిషి?

వెళ్ళేది షికారుకి కాదని ఆమెకీ తెలుసు. నాలుగు క్రెడిట్ కార్డుల అప్పు పీకల మీదికి వచ్చింది. ఒక కార్డులో తీసి ఇంకో కార్డుకి కడుతూ రెండేళ్ళు గుట్టుగా నెట్టుకొచ్చాడు. ఇక నెట్టలేక రుణ సలహా కేంద్రానికి వెళ్ళాడు. అక్కడి కౌన్సిలర్ అప్పులన్నీ కలిపి, తక్కువ వడ్డీకి ఒకే అప్పుగా మార్పిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ కౌన్సిలర్ ఆడమనిషి. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందట. ఆ ముక్క కూడా ఈ మహానుభావుడే ఇంటికొచ్చి చెప్పాడు.

"మేడంతో మాట్లాడితే గుండెల మీంచి బరువు దిగినట్టుంటుందే," అన్నాడు ఒకరోజు.

"నా దగ్గర నోరు కుట్టేసుకుని, అక్కడికెళ్ళి విప్పుతున్నారన్నమాట," అందామె. బజార్లో చిన్న కొట్టు పెట్టుకుని బడి యూనిఫారాలు కుట్టడం ఆమె పని. ఆ పూట రెండు చొక్కాలకి చేతులు తారుమారుగా వేసింది.

సంతకాల రోజు భార్య కూడా రావాలన్నారు. వెళ్ళింది. సొట్ట నిజమే. చూసి మరీ కుళ్ళుకుంది.

కౌన్సిలర్ ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చింది. "ఒకరిది ఒకరు చూడకుండా, ఇంటి మీద ఉన్న అప్పులన్నీ రాయండి. ఒక్కటి దాచినా ఈ ఏర్పాటు నిలబడదు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. కొత్త కుట్టు మిషన్ కోసం తీసుకున్న కార్డు ఒకటుంది. మొగుడికి తెలియదు. రాస్తే అతన్ని నిలదీసే హక్కు పోతుంది. రాయకపోతే ఈ ఒక్క దారీ మూసుకుపోతుంది. పళ్ళు బిగించి రాసింది.

కాగితాలు మార్చుకున్నారు. అతని కాగితంలోనూ ఐదు వరసలు. ఐదోది: మా ఆవిడ మిషన్ కార్డు.

"మీకెలా తెలుసు?"

"బ్యాంకువాళ్ళు నాకూ ఫోన్ చేశారు. మేడంకి రెండో వారమే చెప్పాను. నీ అంతట నువ్వే చెప్పేదాకా ఆగమన్నారు."

"ఇది కూడా ముందు ఆవిడకేనా!" ఆమె గొంతు గదంతా వినిపించింది.

కౌన్సిలర్ చప్పుడు చెయ్యకుండా బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అతను ఆ తలుపు వైపే చూస్తున్నాడు. భార్య లేచి, బల్ల చుట్టూ తిరిగి, కౌన్సిలర్ కుర్చీలో కూర్చుంది.

"ఇటు చూడండి. ఇప్పుడు నాకు చెప్పండి."

అతను కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "పోయిన నెల వసూలువాళ్ళు నీ కొట్టుకొచ్చి గొడవ చేశారే, అప్పుడు నేను ఎదురు సందులోనే ఉన్నాను. నిన్ను నానా మాటలూ అంటుంటే వింటూ నిలబడ్డాను. రాలేకపోయాను."

ఆమె కళ్ళు నిండాయి.

"ఇది ఆవిడకి చెప్పారా?"

"లేదు. ఎవరికీ చెప్పలేదు."

అంత చేదు మాట విన్నా, సిగ్గు లేకుండా ఆమె మనసు సంతోషించింది.