ఆధారం చూపగలరా?

సుంకప్ప లెక్కలో మనుషులు రెండే రకాలు: కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు. బత్తలపల్లెలో చెనక్కాయల అంగడి పెట్టినప్పటి నుంచి ఆ లెక్క తప్పింది లేదు. ఇప్పుడు మాత్రం ఏ గంపలోనూ పట్టని రకం ఒకటి బయల్దేరింది. కంప్యూటర్లో విజ్ఞాన సర్వస్వం అని ఒకటుందట. ఎవరైనా రాయొచ్చట. జీతం లేదు, కింద పేరు కూడా వేయరట.

ఆ రకంలో హైస్కూలు అయ్యవారు తిప్పేస్వామి చేరిపోవడమే సుంకప్పకు మింగుడు పడలేదు. బడి వదలగానే అంగడికొచ్చి, బస్తా మీద కూర్చుని టీ తాగి, సుంకప్పను నాలుగు తిట్లు తిట్టి పోయే మనిషి. నెల నుంచి నేరుగా మాబీ నడిపే నెట్ సెంటర్‌కే పోతున్నాడు. రెండు టీలు చెప్పి ఒకటి పారబోయడం సుంకప్పకు అలవాటు లేదు.

ఆ సాయంత్రం తనే వెళ్ళాడు. ఒక ప్లైవుడ్ అర వెనక తిప్పేస్వామి బట్టతల కనిపించింది. పలకరించకుండా పక్క అరలో కూర్చున్నాడు. మాబీ అతని పేరుతో ఖాతా తెరిచి, ఊరి పేజీ చూపించి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుందని చెప్పి పోయింది.

రాసేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చర్చా పేజీ చదివాడు. "మీ కృషికి అభినందనలు." "అంతా మీ అభిమానం." "అక్షరదోషం దిద్దినందుకు ధన్యవాదాలు." "అయ్యో, ధన్యవాదాలెందుకండీ!"

థూ! కొత్త వియ్యంకులు కూడా ఇంత మర్యాద చేసుకోరు. సరుకు పుచ్చయినప్పుడే అమ్మేవాడి నోరు ఇంత తియ్యగా ఉంటుంది.

పుచ్చు బయటపెట్టాలి. అది చూపించి తిప్పేస్వామిని అంగడికి లాక్కుపోవాలి. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, కరువు ఊరి మీద పచ్చి అబద్ధం కొట్టాడు: "బత్తలపల్లెలో ఏడాది పొడుగునా వానలు దండిగా కురుస్తాయి." దీనికీ అభినందనలు చెప్తారులే అనుకున్నాడు.

బీడీ ముట్టించేలోగా వాక్యం మాయమైంది. 'బాటసారి' అనేవాడెవడో రాశాడు: "సుంకప్ప గారూ, స్వాగతం! వానల గురించి రాసినందుకు ధన్యవాదాలు. ఆధారం చూపగలరా?"

"ఆధారం నేనే. పుట్టింది ఈడ, పెరిగింది ఈడ. నువ్వు యాడోనివి?"

"మీ అనుభవం విలువైనది. అయితే అచ్చయిన ఆధారం కావాలి. దయచేసి అర్థం చేసుకోగలరు."

"వాన అచ్చేసుకోని కురుస్తాదా?"

పక్క అరలోంచి నవ్వు ఆపుకోలేని దగ్గు వినిపించింది. సుంకప్ప లేచి ప్లైవుడ్ మీదుగా తొంగిచూశాడు.

"ఏమప్పా, ఆ బాటసారివి నువ్వేనా!"

"నేనే. నువ్వని మొదటి ముక్కకే తెలిసింది," అన్నాడు తిప్పేస్వామి. "ఈ మండలంలో అంత అబద్ధం అంత ధైర్యంగా ఇంకెవడు చెప్తాడు?"

"తెలిసి కూడా గారూ అంటివే! ఇన్నేండ్లలో ఒక్కసారన్నా అన్న పాపాన పోయినావా?"

"ఆడ అందరికీ గారే. నీకని కాదు."

"ఉత్త మర్యాద. దుడ్లిచ్చినా తూకానికి రాదు. టీకి వస్తావా, రావా?"

"ఏమన్నా ఉంటే చర్చా పేజీలో రాయి."

సుంకప్పకు ఒళ్ళు మండింది. కూర్చుని, కసిగా కొట్టాడు: "తిప్పేస్వామి గారూ, నెల నుంచి నా అంగట్లో నన్ను తిట్టే మనిషి లేడు. దయచేసి సవరించగలరు."

పక్క అరలో మీటలు టకటకమన్నాయి. తర్వాత జవాబు పడింది: "ఆధారం చూపగలరా?"

తిట్టడానికి నోరు తెరిచి తిరిగేసరికి, తిప్పేస్వామి గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు.

"రా అప్పా, చూపిద్దువు గానీ."

సుంకప్ప లేచాడు. "వాన లేదని చెప్పేదానికి ఇంతమంది కూచోని ధన్యవాదాలు చెప్పుకోవల్లనా?" అంటూ వెనకే నడిచాడు. "తల పైకెత్తితే చాలదా?"

"ముందు నీ నోరు ముయ్యి, యెదవా," అన్నాడు తిప్పేస్వామి.

సుంకప్ప టీ అంగడివైపు చూసి రెండు వేళ్ళు చూపించాడు.